కారు తాగిన డీజిలు

"ఆ మాట ఇంకోసారి అనండి," అంది బిందు.

భీమశంకరరావు ఇడ్లీ ముక్కని చట్నీలో అద్దుకుంటూ తలెత్తలేదు. "అన్నాను కదా. ఎన్నిసార్లు అనమంటావు?"

"నా మొహం చూసి అనండి."

అతను చూశాడు. "నీ తమ్ముడు దొంగ. సరిపోయిందా?"

బిందు వంగి అతని ముందున్న కంచం తీసేసింది. కాపురానికొచ్చిన ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో అలాంటి పని ఆమె చెయ్యలేదు. భీమశంకరరావు చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. చట్నీ బొట్టు ఒకటి వేలి మీంచి జారి బల్ల మీద పడింది.

"ఒసే, తింటన్న మనిషి ముందు కంచం తీసేస్తావేటి?" వంటింటి గుమ్మంలోంచి అత్తగారు భాగ్యవతి గట్టిగా అడిగింది. "ఏటైనాదని ఇప్పుడు?"

"మీ అబ్బాయిని అడగండి ఏటైందో. నిన్న సాయంత్రం మా తమ్ముడు బట్టలు సంచీలో కుక్కుకుని వెళ్ళిపోయాడు. నాతో ఒక్క మాట చెప్పలేదు. అమ్మడు మావయ్యా మావయ్యా అని వెనకాలే వీధి చివరిదాకా పరిగెత్తితే వెనక్కి తిరిగి చూడలేదు. ఈయన కొట్లో ఆ కుర్రాడితో ఏం మాట్లాడారో నాకు తెలియాలి."

"ఉన్నమాటే మాట్లాడాను," అన్నాడు భీమశంకరరావు. "మీ నౌపడలో అలా మాట్లాడరేమో. కోటబొమ్మాళిలో మాట్లాడతారు."

భాగ్యవతి గుమ్మంలోనే చతికిలబడింది. కోడలి వైపు మాట్లాడాలో కొడుకు వైపు మాట్లాడాలో తేల్చుకోలేక కొంగుతో మొహం తుడుచుకుంది. పదేళ్ళ కూతురు అమ్మడు బడికి వెళ్ళిపోవడం ఒక్కటే ఆ పూట ఆ ఇంటికి జరిగిన మంచి.

గొడవంతా కారుదే. ఉగాదికి కొన్న కొత్త డీజిలు కారు. అపరాల హోల్‌సేల్ కొట్టు భీమశంకరరావుది. టెక్కలి, పలాస, చుట్టుపక్కల ఊళ్ళూ తిరిగి ఆర్డర్లు తేవడానికి, అవసరమైతే నాలుగు బస్తాలు వెనకాల పడేసుకుని రావడానికి కారు కొన్నాడు. నడిపేది సాయికిరణ్. డిగ్రీ అయ్యాక రెండేళ్ళనించీ అక్క ఇంట్లోనే ఉంటూ, బావ కొట్లోనే పనిచేస్తున్న కుర్రాడు.

"పేపర్లో వేశారు. టీవీలో చూపించారు. షోరూము గోడ మీద మనిషెత్తు అంకెలు రాశారు," అన్నాడు భీమశంకరరావు, చట్నీ వేళ్ళు అలాగే చాపి. "లీటరుకి ఇరవై నాలుగు కిలోమీటర్లు. మన బండి పద్నాలుగు దాటటం లేదు. మధ్యలో పది ఎక్కడికి పోతన్నాది? నేను తాగానా, మా అమ్మ తాగిందా?"

"కారే తాగుతుందేమో."

"అంత పెద్ద కంపెనీ అబద్ధం రాస్తుందేటి?"

"అదేనండి నేను అడిగేది," అంది బిందు. "మొహం కూడా చూడని కంపెనీ మాట నమ్మారు. రెండేళ్ళుగా మీ ఎదురుగా కూర్చుని అన్నం తిన్న కుర్రాడి మాట నమ్మలేదు."

భీమశంకరరావు లేచి పెరట్లోకి వెళ్ళి చెయ్యి కడుక్కున్నాడు. కుళాయి అవసరానికి మించి పారింది. తిరిగొచ్చేసరికి బిందు కారు తాళాలు చేతిలో పట్టుకుని నిలబడి ఉంది.

"ఈరోజు మీరు నడపండి. నేను పక్కన కూర్చుంటాను. ఇక్కడి బంకులో మూతదాకా నింపించండి. శ్రీకాకుళం వెళ్ళి ఆ షోరూమువాళ్ళని అడుగుదాం. తిరిగొచ్చి అదే బంకులో మళ్ళీ మూతదాకా పోయించండి. ఎంత పడితే అంత తాగినట్టు. మా తమ్ముడు ఊళ్ళో లేడు. పైపూ డబ్బా పట్టుకుని ఎవరూ వెనకాల రారు."

"నాకు కొట్లో పని లేదనుకున్నావా?"

"దొంగతనం అంటగట్టడానికి తీరిక దొరికింది కదా."

"ఎల్లిరా నాయనా," అంది భాగ్యవతి. "రాత్రినించి నాకు మెతుకు సయించలేదు. ఏదో ఒకటి తేలిపోతాది."

తేలిపోతుందనే భీమశంకరరావు కూడా అనుకున్నాడు. తన వైపే తేలుతుందన్న ధీమా అతని నడకలో కనిపించింది. తాళాలు లాక్కున్నట్టే తీసుకుని వీధిలోకి వెళ్ళాడు.

*

బంకులో డీజిలు మూతదాకా వచ్చి నురగ కట్టింది. హైవే ఎక్కిన కాసేపటికి భీమశంకరరావు ఏసీ ఆపేసి అద్దాలు దించాడు.

ఆగస్టు ఉక్క. లారీల పొగా దుమ్మూ తిన్నగా మొహానికి కొట్టాయి.

"ఏసీ ఆపేశారేం?"

"గాలి బాగానే వస్తోంది కదా."

అతని చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది. ఎప్పుడూ ముందు బండి మీద హారన్ కొట్టి విసుక్కునే మనిషి, ఆ పూట ఆటోలని కూడా దాటకుండా, బండి నిండా కోడిగుడ్లు వేసుకుని తీసుకెళ్తున్నట్టు నడిపాడు. బిందుకి మొదట అర్థం కాలేదు. తరవాత అర్థమైంది. లీటరుకి నాలుగు కిలోమీటర్లు ఎక్కువ రాబట్టి, దాంతో తన తమ్ముణ్ణి దొంగని చెయ్యడానికి ఈయన చెమటలు కక్కుతున్నాడు. కక్కనీ అనుకుంది.

షోరూములో చల్లగా ఉంది. గోడ మీద ఆ అంకెలు నిజంగానే మనిషెత్తున ఉన్నాయి. టై కట్టుకున్న మేనేజరు ఇద్దరికీ నీళ్ళిప్పించి, ఎదురుగా కూర్చుని, చిరునవ్వుతో అడిగాడు. "చెప్పండి సార్, బండి ఎలా నడుస్తోంది?"

"పద్నాలుగు ఇస్తోంది," అన్నాడు భీమశంకరరావు. "మీరు ఇరవై నాలుగన్నారు."

"సిటీలో తిప్పుతారా సార్?"

"మాకు సిటీ ఎక్కడిది? టెక్కలి, పలాస. నాలుగు బస్తాలు వేస్తాం."

"అయితే బాగానే ఇస్తున్నట్టు లెక్క సార్."

భీమశంకరరావు గ్లాసు కింద పెట్టాడు. "ఏటి బాగా ఇస్తున్నట్టు?"

మేనేజరు నవ్వు చెక్కుచెదరలేదు. "ఇరవై నాలుగన్నది టెస్టు లెక్క సార్. ఆ టెస్టులో బండి రోడ్డెక్కదు. ఒక గదిలో రోలర్ల మీద చక్రాలు తిరుగుతాయి. ఏసీ ఉండదు, బస్తాలుండవు, గతుకుండదు, గేదె అడ్డం రాదు. అందరు కంపెనీలవాళ్ళూ ఆ లెక్కే వేస్తారు. రోడ్డు మీదకొచ్చాక పద్నాలుగూ పదహారూ మామూలే."

"మరి గోడ మీద అది రాయలేదేం?"

"రాశాం సార్. అంకె పక్కన స్టారుంది చూడండి. వివరం కిందనే ఉంది."

భీమశంకరరావు లేచి గోడ దగ్గరికి వెళ్ళాడు. వివరం పాదాల ఎత్తున, చీమల బారులా ఉంది. చదవడానికి అతను మోకాళ్ళ మీద కూర్చోవలసి వచ్చింది. నలభై అయిదేళ్ళ మనిషి, కోటబొమ్మాళి బజారులో నలుగురు నమస్కారం పెట్టే మనిషి, ఆ నున్నటి నేల మీద మోకాళ్ళేసి చదువుతుంటే బిందుకి ఒక్క క్షణం జాలేసింది. ఆ క్షణం ఎక్కువసేపు నిలవలేదు.

"మేం మా డ్రైవరు డీజిలు తీసి అమ్ముకుంటున్నాడనుకున్నాం," అంది ఆమె మేనేజరుతో.

"అందరూ ముందు అలాగే అనుకుంటారు మేడమ్. డ్రైవర్ని మార్చేసి వచ్చి, కొత్తవాడు కూడా అంతే తెస్తున్నాడేంటి అని మమ్మల్ని అడుగుతారు." అతను అది కూడా నవ్వుతూనే చెప్పాడు.

"ఆ సంగతి మీకు తెలుసు కదా. అమ్మేటప్పుడే చెప్పొచ్చు కదా?"

"మీరు అడగలేదు కదా మేడమ్."

బిందు అరిచింది. తను అరవగలదని ఆమెకే తెలియదు. "ఎవడి బతుకు మీదికో వస్తుంటే మీకు నవ్వెలా వస్తోందండీ? మీ అంకె పెద్దగా కనపడ్డానికి ఎన్ని ఇళ్ళల్లో ఎంతమందిని దొంగల్ని చేశారు?"

కొత్త కారు చూసుకోడానికి వచ్చిన జంట ఒకటి వెనక్కి తిరిగి చూసింది. మేనేజరు నవ్వు ఆపేసి టై సవరించుకున్నాడు. భీమశంకరరావు మోకాళ్ళు దులుపుకుని లేచి, ఎవరి వైపూ చూడకుండా, "పద," అన్నాడు.

*

తిరుగుదారిలో కూడా ఏసీ వెయ్యలేదు. కోటబొమ్మాళి బంకులో పొద్దున్న పోసిన ఆమే మళ్ళీ మూతదాకా పోసింది. ఆరు లీటర్లు పడింది. తిరిగింది తొంభై ఆరు కిలోమీటర్లు. భీమశంకరరావు ఫోనులో లెక్క వేసి, చెరిపేసి, మళ్ళీ వేశాడు. రెండుసార్లూ పదహారే వచ్చింది.

"పంపులో తేడా ఉందేమో," అన్నాడు.

"పొద్దున్నా ఇదే పంపు."

అతను బండి ముందుకి తీసి, బంకు దాటాక పక్కకి ఆపాడు. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని అద్దంలోంచి ముందుకే చూశాడు. ఖాళీ బండి, మంచి రోడ్డు, ఏసీ లేదు, అంత నెమ్మది. అయినా పదహారు. బస్తాలేసుకుని ఊళ్ళు తిరిగినవాడికి పద్నాలుగు రావడంలో వింతేముంది? ఆ మాట అతను పైకి అంటాడేమోనని బిందు ఎదురుచూసింది. ఒక్కసారి, "పొరపాటు పడ్డాను," అంటే చాలు. పొద్దుటినించి పడ్డ కోపమంతా మింగేసేది.

"ఇంట్లో ఈ సంగతి ఎత్తకు," అన్నాడు భీమశంకరరావు. "దసరా వెళ్ళాక నేనే నెమ్మదిగా వాణ్ణి పిలుస్తాను."

"ఏమని పిలుస్తారు?"

"ఏమనుంది? పోన్లే, అయిందేదో అయింది, క్షమించాను రమ్మంటాను."

బిందు అతని వైపు తిరిగింది. క్షమించడం. వాడు ముట్టుకోని డీజిలుకి క్షమించడం. ఆ మాటని నోట్లో వేసుకుని ఎంత తిప్పినా మింగుడుపడలేదు. అతను ఆమె మౌనాన్ని ఒప్పుకోలనుకున్నాడు. ఊపిరి వదిలి, మీట నొక్కి ఏసీ వేశాడు.

*

ఇంటి వరండాలో గంగులు కూర్చుని ఉన్నాడు. భావనపాడు మనిషి. నాలుగు పడవలు, విశాఖపట్నానికి చేపలు తీసుకెళ్ళే రెండు వ్యాన్లు ఉన్నవాడు. పడవలవాళ్ళకి కావలసిన బియ్యం, పప్పులు ఏళ్ళ తరబడి భీమశంకరరావు కొట్లోనే కొంటాడు. భాగ్యవతి అతనికి మజ్జిగిచ్చి, కొంచెం దూరంగా పీట మీద కూర్చుంది.

"రండి షావుకారూ, మీకోసమే సూస్తన్నాను," అన్నాడు గంగులు లేవబోతూ.

"కూర్చో, కూర్చో. ఏటిలా వచ్చావు?"

"మీ బావమరిదికోసం. పోయిన నెల్లో ఆ కుర్రాణ్ణి నా వ్యాన్ల మీద అజమాయిషీకి రమ్మని అడిగినాను. సేపలు దింపడం, డబ్బులు సూసుకోడం అన్నీ ఆడే సూసుకోవాల. మా బావనడిగి సెప్తానన్నాడు. సరేనన్నాను." గంగులు మజ్జిగ గ్లాసు రెండు చేతులతోనూ పట్టుకున్నాడు. "నిన్న బజార్లో ఒక మాట ఇన్నాను. డీజిలు తీసి అమ్ముకున్నాడని. మీరే అన్నారని. నాకాడ రెండు వ్యాన్లు, రోజూ డీజిలుతోనే పని. అందుకని మిమ్మల్నే అడిగేద్దామని వొచ్చినాను. నిజమేనా?"

బిందు గుమ్మంలో ఆగిపోయింది. తమ్ముడికి అలాంటి ఉద్యోగం వచ్చిందని ఆమెకి ఇప్పుడే తెలిసింది. వాడు బావని అడిగాడో లేదో కూడా తెలియదు.

భీమశంకరరావు చెప్పులు విడిచి, కండువాతో మెడ తుడుచుకున్నాడు.

"ఇయ్యాల మీరే నడిపి సూసినారంట కదా. పెద్దమ్మగారు సెప్పినారు," అన్నాడు గంగులు. "మీ సేతిలో ఎంతిచ్చినాది?"

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్ళారు.

"ఇరవై రెండు," అన్నాడు భీమశంకరరావు.

గంగులు తలాడించాడు. నెమ్మదిగా, బాధగా. "అలగా. మంచి కుర్రాడనుకున్నాను."

"పదహారు," అంది బిందు.

భాగ్యవతి తల తిప్పి చూసింది. గంగులు గ్లాసు పెదాల దాకా తీసుకెళ్ళి ఆపేశాడు. "ఏటమ్మా?"

"పదహారే ఇచ్చింది. ఏసీ ఆపి, బస్తా ఒకటి కూడా లేకుండా, ఎద్దుబండికన్నా నెమ్మదిగా ఈయనే నడిపారు. పక్కన నేనున్నాను. బంకామె ఉంది, వెళ్ళి అడుగు. షోరూమువాళ్ళు కూడా ఈయన మొహం మీదే చెప్పారు, ఆ ఇరవై నాలుగు రోడ్డు మీద రాదని. మా తమ్ముడు చుక్క డీజిలు తియ్యలేదు."

"లోపలికి పో," అన్నాడు భీమశంకరరావు.

"పోను."

"బిందూ, లోపలికి పో అన్నాను."

"మీరు నిజం చెప్పండి. పోతాను."

భీమశంకరరావు మొహం ఎర్రబడి, నల్లబడింది. బజారు మనిషి ముందు పెళ్ళాం తనని అబద్ధీకుణ్ణి చెయ్యడం అతను కలలో కూడా అనుకోనిది. గొంతు పెంచాడు. "నిజం కావాలా? నిన్న కొట్లో నా ఎదురుగా నిలబడి నీ తమ్ముడే ఒప్పుకున్నాడు. తీశాను బావా, తప్పయిపోయింది అన్నాడు. తియ్యనివాడు అలా ఎందుకంటాడు? చెప్పు. ఇప్పుడు చెప్పు."

బిందు గుమ్మాన్ని పట్టుకుంది. ఆ మాట ఆమెని నిజంగానే తాకింది. అందుకేనా వాడు తన మొహం చూడకుండా వెళ్ళిపోయాడు? గంగులు చూపు ఆమె మీంచి అతని మీదికి, మళ్ళీ ఆమె మీదికి వెళ్ళింది. భాగ్యవతి, "అలాగన్నాడేటి?" అని తనలో తనే గొణుక్కుంది.

బిందు ఫోను తీసి తమ్ముడికి కలిపింది. స్పీకరు పెట్టి వరండా అరుగు మీద, అందరి మధ్యలో ఉంచింది.

"అప్పా," అని అక్కని పిలిచాడు సాయికిరణ్. వెనకాల రైలు కూత వినపడింది.

"ఒరే, డీజిలు తీశానని బావతో అన్నావా?"

ఫోనులో రైలు చప్పుడు దగ్గరైంది.

"అన్నావా లేదా?"

"అన్నాను."

భీమశంకరరావు చేతులు కట్టుకున్నాడు. బిందు ఫోను మీదికి వంగింది. "తీశావా?"

"లేదప్పా."

"మరెందుకన్నావు?"

"నువ్వడక్కు. అయిపోయింది కదా. నువ్వు సుఖంగా ఉండు."

"అడుగుతన్నానురా. నా మీద ఒట్టు. చెప్పు."

రైలు దాటిపోయింది. తరవాత నేలకేసి చూస్తూ మాట్లాడుతున్నట్టు చెప్పాడు. "ఒప్పుకోకపోతే అమ్మడిని తన దగ్గరే ఉంచేసుకుని నిన్ను ఒక్కదాన్నే మనింటికి పంపించేస్తానన్నాడు. దొంగ చుట్టరికం నాకక్కర్లేదన్నాడు. ఒప్పుకుని వెళ్ళిపోతే ఇంక ఎత్తనన్నాడు. ఒప్పుకున్నాను."

గంగులు మజ్జిగ గ్లాసు చప్పుడు కాకుండా నేల మీద పెట్టాడు.

బిందు భర్తనే చూస్తూ నిలబడింది. తమ్ముణ్ణి తిట్టాడనే ఇంతసేపూ మండిపడింది. తన కాపురాన్నీ తన బిడ్డనీ తూకంలో పెట్టి, వాడి నోటినించి ఆ మాట రాబట్టాడని ఆమె ఊహకైనా రాలేదు.

అడిగింది భాగ్యవతి. పీట మీంచి లేవకుండానే, కొడుకు కళ్ళలోకి చూసి అడిగింది. "అన్నావేట్రా? పిల్లనీ తల్లినీ ఇడదీసేస్తానని అన్నావా?"

"అమ్మా, నువ్వూరుకో."

"అన్నావా, నేదా?"

"అన్నాను," అన్నాడు భీమశంకరరావు. వెనక్కి తగ్గే దారి కనపడని మనిషి ముందుకే తోసుకొచ్చినట్టు తోసుకొచ్చాడు. "ఇప్పుడూ అంటన్నాను. నా వీధిలో, నా అరుగు మీద, నా పరువు తీసింది. ఈ సాయంత్రమే దీన్ని బస్సెక్కిస్తాను. అమ్మడు ఇక్కడే ఉంటాది. ఎవడొచ్చి అడుగుతాడో అడగనీ."

"నాను ఎల్తాను షావుకారూ," అన్నాడు గంగులు. లేచాడు కాని మెట్టు దిగలేదు.

ఫోను ఇంకా అరుగు మీదే వెలుగుతోంది. అది కట్ చెయ్యలేదన్న సంగతి అప్పటిదాకా ఎవరికీ గుర్తులేదు.

"భీమశంకరరావూ," అంది ఫోను.

రెండేళ్ళుగా ఆ గొంతు బావా అని తప్ప ఇంకోలా పిలవలేదు.

"విన్నాను. అంతా విన్నాను. వస్తన్నాను, అక్కడే ఉండు."

"ఒరే సాయీ, ఆగు," అంది బిందు, వంగి ఫోను అందుకుంటూ. అప్పటికే కట్ అయింది. మళ్ళీ చేసింది. ఎత్తలేదు.

భీమశంకరరావు కండువా మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టాడు.

భాగ్యవతి మోకాలి మీద చెయ్యి ఆనించి లేచింది. కొడుకుని దాటి, కోడలిని దాటి, మెట్లు దిగి వీధి గేటు వైపు నడిచింది. గడియ వెయ్యడానికి వెళ్తోందో, తెరిచి పెట్టడానికి వెళ్తోందో బిందుకి తెలియలేదు.